నాలుగు వందల పదమూడో వేలు

దానికి గుడ్డి సిరా అని పేరు పెట్టింది ల్యాబు ఊడ్చే అప్పలనరసమ్మ. కాగితాల మీద దాని పేరు అంతర్ముద్ర. ఆ పేరు వెతకడానికి డైరెక్టర్ విశ్వమోహన్ గారికి రెండు నెలలు పట్టింది. అప్పలనరసమ్మకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. భ్రమరాంబ తన వేలికి ఆ సిరా రాసుకుని, ఏమీ కనబడని ఆ వేలిని ఊదారంగు దీపం కింద పెట్టగానే ఆకుపచ్చ చుక్క మెరవడం చూసి, చీపురు గోడకు ఆనించి, "రాస్తే కనబడదు, లైటేస్తే కనబడతాది. గుడ్డి సిరాయే గదా" అంది. ఆ రోజు నుంచి డైరెక్టర్ గారు ఎదురుగా లేనప్పుడు అందరూ అలాగే పిలిచారు.

భ్రమరాంబకు నలభై ఆరేళ్లు. అందులో తొమ్మిదేళ్లు ఆ సిరాకే పోయాయి. విశాఖలో సముద్రం వాసన వచ్చే ఆ ప్రయోగశాలలో ఆమె రసాయన శాస్త్రవేత్త. పని మొదలుపెట్టడానికి కారణం ఒక గోడ పత్రిక. కొండ ఊళ్లలో తుపాకులవాళ్లు పంచాయతీ ఎన్నికల ముందు అంటించి వెళ్లారు: "ఓటేసిన వేలు ఉండదు." ఆ ఏడు పదకొండు ఊళ్లలో ఒక్క ఓటు పడలేదు. పెట్టెలు ఎంత ఖాళీగా వెళ్లాయో అంత ఖాళీగా తిరిగొచ్చాయి. వేలి మీద నల్లటి గుర్తే కదా ప్రాణం మీదికి తెస్తున్నది, ఆ గుర్తు కంటికి కనబడకపోతే సరి అనుకుంది భ్రమరాంబ. రెండోసారి ఓటెయ్యడానికి వస్తే దీపం పట్టేస్తుంది, దారిలో అటకాయించే వాడికి మాత్రం కనబడదు. ఎంత చక్కని ఆలోచన. ఇప్పుడు తలచుకుంటే ఆ చక్కదనం మీదే ఆమెకు ఒళ్లు మండుతుంది.

నాలుగు వందల పన్నెండు వేళ్ల మీద పరీక్షించారు. పోలీసు శిక్షణలో ఉన్నవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆఫీసుల్లో గుమస్తాలు. చెమటలో, ఉప్పునీళ్లలో, సబ్బులో, కిరసనాయిల్లో, చివరికి ఆవకాయ నూనెలో కూడా ముంచి చూశారు. సిరా చెక్కుచెదరలేదు. ఆ ఆషాఢంలో ఒకరోజు అప్పలనరసమ్మ కూడా వరసలో నిలబడి చెయ్యి చాపింది. పది వేళ్లకూ ఎర్రటి టోపీలు, అరచేతిలో చందమామ. భ్రమరాంబ నవ్వి, రంగున్న చేతులు పరీక్షకు పనికిరావు, రంగు పోయాక రమ్మంది.

"ఈ రంగు పోవాలంటే మీ పరీచ్చలే అయిపోతాయి మేడంగారూ" అని అప్పలనరసమ్మ కూడా నవ్వి, చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

భ్రమరాంబ తన నోటుపుస్తకంలో, తన గుండ్రటి చేతిరాతతో రాసింది: "చేతులకు రంగు. తిరస్కరించడమైనది." ఆ నెలలో అలా ముప్ఫై ఒక్క మంది ఆడవాళ్లను వెనక్కి పంపింది. శుభ్రమైన చెయ్యి, శుభ్రమైన ఫలితం. ల్యాబు నియమం అది. ల్యాబులో చేరిన దగ్గర నుంచి, పన్నెండేళ్లుగా, తానే గోరింటాకు ముట్టుకోని మనిషికి అది తప్పనిపించలేదు.

మరుసటి ఏడు మళ్లీ ఆషాఢమే వచ్చింది, పంచాయతీ ఎన్నికలు కూడా వచ్చాయి. చింతగరువు అనే కొండ ఊళ్లో, బడి గదిలో, మొదటిసారిగా అంతర్ముద్ర వాడారు. ఉదయం ఏడింటికి పోలింగ్ మొదలైంది. మధ్యాహ్నం కల్లా ల్యాబు హాల్లోని టీవీ ముందు అందరూ నిలబడి ఉన్నారు. పోలింగ్ కేంద్రం మీద తీవ్రవాదుల దాడి, ఎన్నికల అధికారిగా వెళ్లిన బడిపంతులు ఒకరు, పందొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె చనిపోయారు, తొమ్మిదిమంది ఆడవాళ్ల చూపుడువేళ్లు నరికారు, చనిపోయిన పిల్లది కూడా అందులో ఉంది. పెట్టెను తగలబెట్టి పోయారు.

విశ్వమోహన్ గారు మొదట అడిగిన ప్రశ్న ఆ మనుషుల గురించి కాదు. "సిరా కనబడిందంటున్నారు. అదెలా సాధ్యం?" అన్నారు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు, భ్రమరాంబ బుర్రలోనూ సరిగ్గా అప్పుడు అదే ప్రశ్న ఉంది.

మూడో రోజు పోలీసుల దగ్గర నుంచి ఒక థర్మకోల్ డబ్బా వచ్చింది. పైన సంతకాలు, సీళ్లు. భ్రమరాంబ చేతి తొడుగులు వేసుకుని మూత తీసింది. ఐసు ముక్కల మధ్య ప్లాస్టిక్ సంచిలో ఒక వేలు ఉంది. చీటీ మీద "లచ్చిమి, 19" అని రాసి ఉంది. సన్నటి వేలు, గోరు పొట్టిగా కొరుక్కున్నట్టుంది. గోరు నుంచి మొదటి కణుపు దాకా మందార రంగు, ఆ ఎరుపు మీద అడ్డంగా కాటుక గీసినట్టు నల్లటి గీత.

భ్రమరాంబ చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు. పరికరాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, చేతులే సిద్ధంగా లేవు. ఊడవడానికి వచ్చిన అప్పలనరసమ్మ ఆమె భుజం మీంచి తొంగిచూసి, చప్పున పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గోరింటాకమ్మా" అంది. "గోరింటాకు ఎట్టుకున్నాది పిల్ల."

భ్రమరాంబ వెనక్కి తిరిగి అప్పలనరసమ్మ చేతులు చూసింది. ఈ ఆషాఢంలో కూడా పది వేళ్లూ ఎర్రగా ఉన్నాయి. అడగక్కరలేకుండానే అప్పలనరసమ్మ ఎడమచెయ్యి బల్లమీద పెట్టింది.

"నిరుడు వద్దన్నావు. ఇప్పుడు కావాలా?" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండును అనిపించింది భ్రమరాంబకు.

చూపుడువేలికి సిరా రాసి, కిటికీ దగ్గర ఎండలో కూర్చోబెట్టింది. పది నిమిషాలు ఏమీ లేదు. పదిహేనో నిమిషానికి గోరు అంచున మసక. ఇరవై రెండో నిమిషానికి వీధి చివర నిలబడ్డవాడికి కూడా కనబడేంత నలుపు. గోరింటాకు ఎరుపులో ఉన్న పదార్థం సిరాను పట్టుకుంటోంది, ఎండ తగలగానే రెండూ కలిసి నల్లబడుతున్నాయి. అంతే. పదో తరగతి పిల్లలకు చెప్పినా అర్థమయ్యే సంగతి. తొమ్మిదేళ్లు, నాలుగు వందల పన్నెండు వేళ్లు, ఆవకాయ నూనె కూడా తట్టింది కానీ, ఆషాఢంలో ఈ నేల మీద ఏ ఆడపిల్ల చెయ్యి ఎలా ఉంటుందో తట్టలేదు. తట్టకపోవడం కాదు. కళ్లముందుకు వచ్చి నిలబడితే తానే పొమ్మంది. గుడ్డిది సిరా కాదు.

నోటుపుస్తకం తీసి నాలుగు వందల పదమూడు అని అంకె వేసి, పక్కన లచ్చిమి పేరు రాసింది.

మర్నాడు డైరెక్టర్ గారి గదిలో విచారణ సంఘానికి పంపాల్సిన నివేదిక సిద్ధంగా ఉంది. భ్రమరాంబ సంతకం ఒక్కటే తక్కువ. నాలుగో పేజీలో ఇలా ఉంది: "ఓటర్లు చేతులకు స్థానిక ఆచారం ప్రకారం రంగు పూసుకుని రావడం వల్ల సిరా పనితీరుకు అంతరాయం కలిగినది." రీపోలింగుకు కూడా అదే సిరా పంపుతారు. దానితో పాటు ఒక పోస్టరు వెళ్తుంది. గోరింటాకు పెట్టుకున్న చేతి బొమ్మ, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు.

తప్పు ఆడవాళ్లదా అని అడిగింది భ్రమరాంబ. తప్పు అనే మాట ఎక్కడా వాడలేదు చూడండి అన్నారు విశ్వమోహన్ గారు. మర్యాదస్తుడు ఆయన, గొంతు ఎప్పుడూ పెంచడు. తొమ్మిదేళ్ల కృషి ఒక్క పొరపాటుతో మూలపడితే రేపు ఆ కొండల్లో మళ్లీ ఖాళీ పెట్టెలేనని, అది తనకంటే ఆమెకే బాగా తెలుసునని నచ్చజెప్పారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టే ఆమెకు మరీ మంట పుట్టింది.

నివేదిక వెనక జతచేసిన కాగితాలు తిరగేస్తుంటే ఒక ఉత్తర్వు నకలు కంటబడింది. ఎన్నికలకు నెల ముందుది. "అంతర్ముద్ర వాడు కేంద్రాలలో ఓటరు గుర్తింపు బయటపడు అవకాశము లేనందున అదనపు బందోబస్తు అవసరము లేదు." ఆమె ఆ వాక్యం మూడుసార్లు చదివింది. చింతగరువులో ఆ రోజు కాపలాకు ఉన్నది ఇద్దరు. ఒకరి దగ్గర లాఠీ, ఒకరి దగ్గర తుపాకీ. ఆ ఒక్క తుపాకీనీ వచ్చినవాళ్లు రాగానే లాక్కున్నారు. ఎందుకు ఇద్దరే ఉన్నారో ఇన్నాళ్లూ ఆమెకు తెలియదు. ఆమె సిరా ఉందని, మనుషుల్ని తగ్గించారు.

సంతకం రేపు పెడతానని చెప్పి, ఆ సాయంత్రం పెద్దాసుపత్రికి వెళ్లింది.

లచ్చిమి తల్లి సింగారమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమచెయ్యి మణికట్టు దాకా కట్టు. తానెవరో దాచకుండా చెప్పింది భ్రమరాంబ. ఆ సిరా చేసింది నేనే అంది. సింగారమ్మ ఆమెను తిట్టలేదు, పొమ్మనీ అనలేదు. జరిగింది జరిగినట్టు, పొలంలో పని చెప్పినంత నిమ్మళంగా చెప్పింది.

ఊళ్లో పదేళ్ల తర్వాత ఓటు. పైగా ఆషాఢం. ముందురోజు ఆడవాళ్లంతా కలిసి గోరింటాకు రుబ్బుకున్నారు. లచ్చిమికి అది మొదటి ఓటు, అందుకని రెండుసార్లు పెట్టించుకుంది. పొద్దున మగవాళ్లు ముందు ఓటేశారు, అరవై ముగ్గురు. వంటలయ్యాక ఆడవాళ్లు మొదలుపెట్టారు. తొమ్మిదిమంది వేసి బయటికొచ్చేసరికి అడవిలోంచి ఆరుగురు దిగారు. అందర్నీ బడి ముందు వరసగా నిలబెట్టారు. అప్పుడు పంతులుగారు, ఆయన పేరు సూర్యప్రకాశం, ముందుకొచ్చి నిబ్బరంగా అబద్ధమాడారు. ఓటు కాగితాలు ఇంకా రాలేదు, ఇక్కడెవరూ ఓటెయ్యలేదు, కావాలంటే వేళ్లు చూసుకోండి అన్నారు. వాళ్లు మగవాళ్ల వేళ్లు చూశారు. ఒక్కదాని మీదా మచ్చ లేదు. వాళ్ల నాయకుడు తుపాకీ భుజాన వేసుకుని, పదండి అన్నాడు.

"ఎనక్కి తిరిగిపోనారమ్మా" అంది సింగారమ్మ. "నాలుగడుగులు ఏసినారు. నా గుంట ఎండలో నిలబడి ఏలు సూసుకుంటంది. కనబడదని సెప్పినారు గదా, అది నల్లగయితే దానికి ఇసిత్రం. 'అమా, ఇదేటే ఇలగయిపోనాది' అని నాకు సూపించింది. పైకే అన్నాది. ఆడు ఇన్నాడు."

తర్వాత సంగతి ఆమె చెప్పలేదు. పంతులుగారు పిల్లకు అడ్డం వెళ్లారని, ముందు ఆయన పడ్డారని, పిల్ల చెయ్యి ఇవ్వకుండా పెనుగులాడిందని భ్రమరాంబకు పోలీసు కాగితాల్లో తెలుసు. సింగారమ్మ మరో సంగతి మాత్రం చెప్పింది. ఆడవాళ్లను ఒక్కొక్కరినే బయటికి లాగుతుంటే, మేమూ ఓటేశాం అని అరవై మూడు మందిలో ఒక్కడూ అనలేదు. వాళ్లలో ఆమె మొగుడూ ఉన్నాడు.

"ఆళ్ల ఏళ్లు తెల్లగున్నాయి. నోళ్లు మూసుకున్నాయి" అంది.

భ్రమరాంబ తల వంచుకుంది. నోటికొచ్చిన ఓదార్పులన్నీ అబద్ధాల్లాగే ఉన్నాయి. మిమ్మల్ని కాపాడాలనే చేశానమ్మా అని మాత్రం అనగలిగింది.

సింగారమ్మ ఆమె వంక తిరిగి, అప్పటిదాకా లేని కోపంతో చూసింది.

"మమ్మల్ని కాపాడాలంటే మా దగ్గర మనుసుల్ని ఎట్టాలి గాని, ఓటుని దాసీడమేటమ్మా? మేం దొంగతనం సేసినామా? పెబుత్వం ఓటెయ్యమన్నాది, ఏసినాం. ఆడు నరుకుతానన్నాడు. మీరు ఆణ్ణి ఆపకుండా, ఆడికి కనపడకుండా ఎయ్యమన్నారు. అంటే ఆడిదే రాజ్జెం అని మీరూ ఒప్పీసుకున్నట్టే గదా."

చదువుకున్నవాళ్లు తొమ్మిదేళ్లు బల్లల చుట్టూ కూర్చుని అనుకోని మాట అది. భ్రమరాంబ లేచి నిలబడింది. ఆ కోపం తనకు కూడా కావలసిందే అనిపించింది. ఇన్ని రోజులూ తన మీద తనకున్న కోపాన్ని పశ్చాత్తాపం పేరుతో మెత్తగా చేసుకుంటూ వచ్చింది. మెత్తబడితే పని జరగదు.

మర్నాడు డైరెక్టర్ గారి నివేదిక మీద సంతకం పెట్టలేదు. సిరా తయారీలో ఆమె చేతిలో ఒక్క అధికారం ఉంది. ఏ విడత సిరానైనా వాడవచ్చునో లేదో చెబుతూ ఆఖరి సంతకం ఆమెదే. రీపోలింగుకు సిద్ధం చేసిన సీసాల పట్టీ తెప్పించి, అడ్డంగా రాసింది: "ఈ సిరా వాడకానికి పనికిరాదు. దీనిని గోరింటాకు ఉన్న ఆడవారి చేతులపై పరీక్షించలేదు. పరీక్షకు వచ్చినవారిని నేనే తిప్పి పంపాను." కింద పేరు, తేదీ. నోటుపుస్తకంలోని ఆ పేజీ నకలు, బందోబస్తు ఉత్తర్వు నకలు జతచేసి విచారణ సంఘానికి స్వయంగా ఇచ్చి వచ్చింది. కొత్త సిరా పనికిరాదంటే నిబంధన ప్రకారం పాత సిరా పంపక తప్పదు, పాత సిరా వెళ్లే చోట పూర్తి బందోబస్తు పెట్టక తప్పదు.

తొమ్మిదేళ్లు అన్నారు విశ్వమోహన్ గారు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. ఆమె ఉద్యోగం సంగతి కూడా చెప్పారు.

"నా పేరు తీసెయ్యండి" అంది భ్రమరాంబ. "ఆ పిల్ల వేలు మాత్రం లెక్కలోంచి తియ్యకండి."

మూడు వారాలకు రీపోలింగ్ పెట్టారు. ఆషాఢం ఇంకా నాలుగు రోజులుంది. సస్పెన్షన్ కాగితం తపాలాలో ఉండగానే, ఎవరూ రమ్మనకుండానే, భ్రమరాంబ చింతగరువు వెళ్లింది. బడి చుట్టూ నలభైమంది సాయుధ పోలీసులు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టుంది వ్యవహారం. గోడకు కొత్తగా సున్నం వేశారు. కొంతమేర కింద ఎరుపు ఇంకా కనబడుతూనే ఉంది. ఆమె దగ్గర ల్యాబు గుర్తింపు కార్డు ఇంకా ఉంది కాబట్టి లోపలికి రానిచ్చారు. సిరా బల్ల వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

ఈసారి ముందు వచ్చింది ఆడవాళ్లు. వరసలో మొదట సింగారమ్మ. ఎనిమిదిమంది, ఎనిమిది కట్లు, వాళ్ల వెనక ఓటు ఉన్న ప్రతి ఆడమనిషీ. గుమ్మం దగ్గర అంటించిన పోస్టరు, గోరింటాకు మీద ఇంటూ గుర్తున్నది, తీయడం అందరూ మరిచిపోయారు. సింగారమ్మ దాని పక్కనుంచే నడిచి వచ్చింది. కుడిచేతి అయిదు వేళ్లకూ, ఎడమచేతిలో మిగిలిన నాలుగింటికీ గోరింటాకు పండి ఉంది. పిల్ల పోయి నెల తిరక్కుండా గోరింటాకేమిటని ఊళ్లో ఒకరిద్దరు పెద్దలు సణిగారని, నా గుంట ఇది ఎట్టుకుంటేనే సంపినారు, నానూ ఎట్టుకుంటానని ఆమె అందని, వరసలో ఉన్నావిడ భ్రమరాంబకు చెప్పింది.

సిరా బల్ల దగ్గర కూర్చున్నది కొత్తగా వచ్చిన గుమస్తా. పట్నం మనిషి. తప్పు జరగకూడదని నిబంధనల పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. సింగారమ్మ చెయ్యి చాపక ముందే, తల ఎత్తకుండా, బట్టీపట్టిన పాఠంలా చదివాడు.

"రీపోలింగ్ కాబట్టి సిరా ఎడమచేతి మధ్యవేలికి పెట్టాలమ్మా. చూపుడువేలికి ముందుసారి గుర్తు ఉంటుంది."

సింగారమ్మ కట్టు విప్పి, చెయ్యి బల్లమీద పరిచింది. గుమస్తా తల ఎత్తి చూశాడు. అతని చేతిలోని పుల్ల సీసా అంచుకు కొట్టుకుంది.

"ఉంది బావూ" అంది సింగారమ్మ. "ఆ ఏలికి గుర్తుంది. ఎట్టు."

అతను మధ్యవేలికి సిరా పెట్టాడు. పాత సిరా, ఊదారంగుది, చూస్తుండగానే నల్లబడేది. ఎర్రటి గోరు మీద నుంచి చర్మం మీదికి లావుగా గీత గీశాడు. సింగారమ్మ లోపలికి వెళ్లి ఓటేసి, బయటికి వచ్చింది. బయట మగవాళ్ల వరస ఉంది. అందులో ఆమె మొగుడు తల దించుకుని నిలబడ్డాడు. ఆమె అతని వంక చూడలేదు, ఆగలేదు. బడి ముందు సరిగ్గా లచ్చిమి నిలబడిన చోటికి వెళ్లి, వేలు బాగా నల్లబడాలని, ఎండలో చెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడింది. రెండో ఆమె వచ్చి ఆమె పక్కన నిలబడింది. తర్వాత మూడో ఆమె.